పాత జెన్‌కి ఏసీ కండెన్సర్ ఊడదీయాలి: గ్యాస్ సంగతేంటి, పట్టేసిన నట్ల సంగతేంటి?

కోనసీమ_జెన్ (అమలాపురం)
అందరికీ నమస్కారమండి. మా ఇంట్లో 2002 మోడల్ మారుతి జెన్ పెట్రోల్ బండి ఉంది. ఇంజిన్ బాగుంది. కింద అక్కడక్కడ తుప్పు తప్ప చెప్పుకోదగ్గ జబ్బేమీ లేదు. ఏసీ మాత్రం నిలబడటం లేదు. పోయిన ఎండాకాలం గ్యాస్ పట్టిస్తే దసరా నాటికి పోయింది. మళ్లీ పట్టించాం. సంక్రాంతికి చుట్టాలొచ్చేసరికి మళ్లీ వేడిగాలే. పట్టించిన షెడ్డువాళ్లు లీకు ఎక్కడుందో వెతకలేదు, గ్యాస్ కొట్టి పంపేశారు.

మొన్న ముందు గ్రిల్ తీసి టార్చి వేసి చూస్తే కండెన్సర్ (రేడియేటర్ ముందుండే ఏసీ జాలి) కింది మూలన నూనె జిడ్డు, దాని మీద దుమ్ము అట్టకట్టి కనిపించింది. ఆ వైపు రెక్కలు వేలు తగిలితే పొడిగా రాలిపోతున్నాయి. కొత్తది వేయక తప్పదు. స్పానర్ పని నాకు అలవాటే, మా చేలో డీజిల్ ఇంజిన్ నేనే విప్పి బిగించుకుంటాను. కాబట్టి కండెన్సర్ నేనే మార్చి, గ్యాస్ పట్టించడానికి మాత్రం కాకినాడ తీసుకెళ్దామనుకుంటున్నాను. అమ్మను ఎటూ అక్కడికే చెకప్‌కి తీసుకెళ్లాలి. రోహిణి కార్తె ఎండలో ఆవిడను ఏసీ లేని బండిలో అంత దూరం కూర్చోబెట్టలేను, అందుకే ఈ తొందర.

లోపల మిగిలిన గ్యాస్‌ను ఏం చేయాలి? రేడియేటర్ విప్పకుండా కండెన్సర్ బయటికొస్తుందా? పైపుల నట్లు పట్టేశాయి, వాటినెలా విప్పాలి?

తణుకు_ఎస్టీమ్
గ్యాస్‌కి అంత టెన్షన్ ఎందుకండీ? గ్యాస్ పట్టే సర్వీస్ వాల్వ్ మూత తీసి లోపలి పిన్ను స్క్రూడ్రైవర్‌తో నొక్కితే కాసేపట్లో బయటికి పోతుంది. మా ఊళ్లో అందరూ చేసేది అదే. ఇంకో మాట. ఏసీ అంత అవసరం లేకపోతే కండెన్సర్ తీసి పక్కన పడేయండి. మా ఎస్టీమ్ ఎండాకాలం ఊరికే వేడెక్కిపోయేది. కండెన్సర్ తీశాక రేడియేటర్‌కి గాలి బాగా తగిలి ఆ బాధ పోయింది.

కాకినాడ_ఏసీ_షెడ్డు
తణుకు సోదరా, పిన్ను నొక్కి వదిలేయడం వద్దండి. రోజూ చేసే పని కాబట్టి ఎందుకు వద్దో వివరంగా చెబుతాను.

2002 జెన్‌లో ఉండేది ఆర్134ఏ అనే ఏసీ గ్యాస్. ఇది మరిగే ఉష్ణోగ్రత మైనస్ 26 డిగ్రీలు. బయటికొచ్చిన ద్రవం చర్మం మీద పడితే క్షణాల్లో గడ్డకట్టించేస్తుంది. కంట్లో పడితే చూపే పోవచ్చు. ఇంజిన్ ఆపేసి ఉంది కదా అనుకోకండి. లోపల ద్రవం కొంచెం మిగిలి ఉన్నా 30 డిగ్రీల ఎండలో పైపుల్లో 95 పీఎస్‌ఐ దాకా ఒత్తిడి ఉంటుంది. "గ్యాస్ పోయింది, ఏసీ చల్లగా రావడం లేదు" అన్న బండికి గేజీ పెడితే ముల్లు సగం దాకా లేచిన సందర్భాలు మాకు కొత్త కాదు. పక్కన బీడీ గానీ బ్లోటార్చి గానీ ఉంటే ఈ గ్యాస్ మంటలో విరిగి హైడ్రోజన్ ఫ్లోరైడ్ అవుతుంది, అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. పైగా ఇది భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే బరువుకి బరువు 1,400 రెట్లు బలమైనది. మన తుపాన్లూ వరదలూ మనకు తెలియనివి కావు కదా, చేతనైనంత వరకు గాలిలోకి వదలకుండా ఉందాం.

కాబట్టి అమలాపురం తమ్ముడూ, మొదటి పని రికవరీ మిషన్ (గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా సిలిండర్‌లోకి లాగేది) ఉన్న షెడ్డుకి వెళ్లి గ్యాస్ తీయించుకోవడం. కాకినాడలో, రాజమండ్రిలో, భీమవరంలో మిషన్ ఉన్నవాళ్లు దొరుకుతారు. మిషన్ లేకుండా "నేను వదిలేస్తాను" అనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. తీయించాక కంప్రెసర్ (గ్యాస్‌ను నొక్కి పంపే పంపు) క్లచ్ వైరు కనెక్టర్ ఊడదీయించండి. ఇంటికొచ్చే దారిలో ఎవరైనా పొరపాటున ఏసీ బటన్ నొక్కినా గ్యాస్ లేని కంప్రెసర్ తిరగదు. ఆ తర్వాత ఇంటి దగ్గర నిదానంగా విప్పుకోండి.

రాజమండ్రి_ఫిజిక్స్_టీచర్
షెడ్డు గారు చెప్పినదానికి నాకు తెలిసినది కొంత కలుపుతాను. కండెన్సర్ రేడియేటర్ ముందు ఉండటానికి కారణముంది. కంప్రెసర్ నొక్కి పంపిన వేడి ఆవిరి అక్కడికొచ్చి, గాలికి తన వేడి వదిలేసి ద్రవంగా మారుతుంది. వేడి తనకన్నా చల్లని దానిలోకే పోతుంది కదా. మే నెలలో బయట 40 డిగ్రీలు ఉంటే, వేడిని వదలాలంటే లోపలి ఆవిరి అంతకంటే బాగా వేడిగా, 55-60 డిగ్రీల దగ్గర ఉండాలి. ఆ ఉష్ణోగ్రతలో ఆర్134ఏ ద్రవంగా మారాలంటే దాదాపు 200 నుంచి 230 పీఎస్‌ఐ ఒత్తిడి కావాలి. రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే ఈ అంకె ఇంకా పైకి పోతుంది. కంప్రెసర్‌కి మోయలేనంత బరువు పడుతుంది, బలహీనపడ్డ గొట్టం చోట లీకు మొదలవుతుంది.

తణుకు గారి అనుభవం నిజమే, దానికి కారణం మాత్రం వేరే అనుకుంటున్నాను. ఏసీ ఆన్‌లో ఉన్నంతసేపే కండెన్సర్ వేడి విసిరేది. ఆపితే అది వట్టి జాలి. అలా ఆపి ఉన్నప్పుడు కూడా ఇంజిన్ వేడెక్కిందంటే కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో చెత్త ఇరుక్కుని ఉండాలి. ముందు నుంచి చూస్తే అది కనపడదు. కండెన్సర్ తీసినప్పుడు ఆ చెత్త కూడా పోయి ఉంటుంది, గాలి తిరిగి ఉంటుంది. కండెన్సర్‌ని పారేయక్కర్లేదు, ఆ సందు శుభ్రం చేస్తే చాలు.

తణుకు_ఎస్టీమ్
మేడమ్, మీరన్నది నిజమేనండి. తీసినప్పుడు వెనకాల ఊక, పురుగులు, గడ్డి నిండా ఉన్నాయి. నూర్పిళ్ల రోజుల్లో తాడేపల్లిగూడెం వైపు రోజూ తిరిగిన బండి అది. కండెన్సర్ ఇంకా అటక మీదే ఉంది, మళ్లీ బిగించే ఆలోచన చేస్తాను.

కాకినాడ_ఏసీ_షెడ్డు
బిగించే ముందు నోళ్లు మూసి ఉన్నాయో లేదో చూడండి. మూతలు లేకుండా అటక మీద పడి ఉంటే లోపల తేమ, దుమ్ము, సాలెగూళ్లు ఉంటాయి. సందేహమైతే అది వాడకండి.

ఉండి_చెరువుగట్టు
మా వైపు బళ్ల సంగతి చెబుతాను, అమలాపురం వాళ్లకీ పనికొస్తుంది. మాది రొయ్యల చెరువుల మధ్య ఇల్లు. చేపల లారీలు, రొయ్యల వ్యాన్లు రోడ్డంతా ఉప్పునీళ్లు కార్చుకుంటూ పోతాయి. వాటి వెనక వెళ్తే ఆ తుంపరంతా మన బండి ముందుభాగానికే తగులుతుంది. అంతర్వేది, నరసాపురం వైపు అయితే సముద్రపు గాలి అదనం. ఉప్పు అల్యూమినియంను పైన పైన తినదు, సూదిమొన అంత చిల్లు పెట్టి లోపలికి దిగుతుంది. ఇనుప బోల్టు, అల్యూమినియం బ్రాకెట్ కలిసే చోట ఇంకా త్వరగా తింటుంది. మీ కింది మూల పాడవడం ఇదే. అడుగున నీళ్లు ఆరవు, బురద నిలుస్తుంది.

చాలామంది చేసే తప్పు ఒకటుంది. బురద పోవాలని ఇంటి బోరు నీళ్లతో కడుగుతారు. మా దగ్గర బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, కడిగిన ప్రతిసారీ ఉప్పు పూత వేసినట్టే. కడిగితే కాలువ నీళ్లతో, లేకపోతే కుళాయి మంచినీళ్లతో కడగండి. ఎండాకాలం కాలువలు కట్టేసే లోపే ఒకసారి శుభ్రంగా కడిగి పెట్టుకోవడం మా అలవాటు. ప్రెషర్ వాషర్ మాత్రం దగ్గరగా పెట్టకండి, రెక్కలు ఒకదాని మీద ఒకటి పడుకుండిపోతాయి.

పాలకొల్లు_మాస్టారు
మా ఇంట్లో 1993 మారుతి 800 ఉంది, ఏసీ మోడలే. దానికీ ఇదే పద్ధతా?

కాకినాడ_ఏసీ_షెడ్డు
మాస్టారూ, విప్పడం దాదాపు ఇలాగే. గ్యాస్ మాత్రం వేరు. ఆ రోజుల బండ్లలో ఆర్12 ఉండేది. సర్వీస్ నోళ్లు చూస్తే తెలుస్తుంది. ఆర్12కి మరలు తిప్పి బిగించే నోరు ఉంటుంది. ఆర్134ఏకి నొక్కితే టక్కున పట్టే నోరు, ఎక్కువ ఒత్తిడి వైపుకీ తక్కువ ఒత్తిడి వైపుకీ సైజు వేరు. ఆర్12 ఓజోన్ పొరకు చిల్లు పెట్టే గ్యాస్. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2010 నుంచి మన దేశంలో దాని వాడకం ఆపేశారు. ఇప్పుడు కొత్త డబ్బా అని ఎవరైనా అమ్మితే నమ్మకండి. మీ బండిని ఎవరైనా ఈపాటికే 134ఏకి మార్చి ఉండొచ్చు, స్టిక్కర్ ఉందేమో చూడండి. మార్చకపోతే నూనె, ఓ రింగులు (పైపు అతుకుల్లో లీకు ఆపే రబ్బరు రింగులు), డ్రయ్యర్ (తేమ పీల్చే సీసా) అన్నీ మార్చాలి. పాత మినరల్ ఆయిల్ 134ఏతో కలవదు, కంప్రెసర్ ఎండిపోయి పట్టేస్తుంది. ఇంకో జాగ్రత్త, చవకగా వస్తుందని వంటగ్యాస్ జాతి మిశ్రమాలు పట్టేవాళ్లు ఉన్నారు. అవి మండే గ్యాసులు. కార్లో పిల్లలు కూర్చుంటారు, ఒప్పుకోకండి.

కోనసీమ_జెన్
అందరికీ ధన్యవాదాలండి. కాకినాడలో మిషన్ ఉన్నచోట గ్యాస్ తీయించాను. గేజీ చూసి ఆశ్చర్యపోయాను, ఏసీ పనిచేయకపోయినా లోపల బాగానే ఒత్తిడి ఉంది. ఇప్పుడు ఇంట్లో మొదలెట్టాను. గ్రిల్, బంపర్ విప్పాను. పైన లావు పైపు కంప్రెసర్ నుంచి వస్తోంది, కింద సన్న పైపు డ్రయ్యర్‌కి పోతోంది. రెండింటి నట్లూ తెల్లగా పూసి బిగుసుకుపోయాయి. బలంగా తిప్పితే పైపు మెలిపడేలా ఉంది. ఏం చేయమంటారు?

కాకినాడ_ఏసీ_షెడ్డు
ఆగండి తమ్ముడూ, ఒక్క స్పానర్‌తో తిప్పకండి. ఈ పనిలో ఎక్కువమంది పైపులు విరగ్గొట్టేది ఇక్కడే. ఒక స్పానర్‌తో కండెన్సర్ వైపు ఉన్న షడ్భుజి భాగాన్ని కదలకుండా పట్టుకోవాలి, రెండోదానితో నట్టు తిప్పాలి. రెండు చేతులూ ఒకదానివైపు ఒకటి దగ్గరికొచ్చేలా స్పానర్లు పెట్టుకుంటే బలం నట్టు మీదే పడుతుంది, పైపు మీద పడదు. ఓపెన్ స్పానర్ నట్టు మూలలను అరగదీస్తుంది. బ్రేకు పైపులకు వాడే కోసిన రింగు స్పానర్ దొరికితే తెచ్చుకోండి. మీ బండికి నట్టు కాకుండా ఒకే బోల్టుతో బిగించిన అల్యూమినియం దిమ్మ ఉంటే అది ఇంకా తేలిక. బోల్టు తీసి దిమ్మను నిదానంగా అటూ ఇటూ ఆడించి నిటారుగా లాగండి. స్క్రూడ్రైవర్‌తో ఎత్తకండి, ఓ రింగు కూర్చునే ముఖం మీద గీత పడితే కొత్త రింగు కూడా ఆపలేదు.

తుప్పు విప్పే నూనె ఇప్పుడు కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే ఇంకోసారి కొట్టండి. మంట పెట్టకండి, గ్యాస్ తీశామని చెప్పినా సరే పెట్టకండి. నూనెలో కలిసి ఉన్న గ్యాస్ కొంచెం ఎప్పుడూ మిగులుతుంది. కళ్లద్దాలు, చేతితొడుగులు వేసుకుని మొదటి చుట్టు చాలా నెమ్మదిగా తిప్పండి. బుస్సుమంటే ఆగి, అది ఆగేదాకా చూసి అప్పుడు తిప్పండి.

విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీశారా? ముందు ఫ్యాను చేతుల దగ్గరే ఉంటుంది.

కోనసీమ_జెన్
తీశానండి.

యానాం_రేవు
ఇక్కడ ఒక విషయం మరిచిపోకండి. పైపు ఊడిన మరుక్షణం నోళ్లు మూసేయాలి. మనది తేమ ప్రాంతం, గాలి నుంచి నీళ్లు కారుతుంటాయి. ఏసీలో వాడే పీఏజీ నూనెకి నీటిని పీల్చే గుణం ఎక్కువ. డ్రయ్యర్ సీసాలో ఉన్న గుళికలది కూడా అదే పని, నోరు తెరిచి కొన్ని గంటలు పెడితే అవి తడిసి పనికిరాకుండా పోతాయి. లోపలికి పోయిన నీరు ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (ద్రవాన్ని సన్న సందులోంచి వదిలి చల్లబరిచేది) దగ్గర మంచుగా మారి దారి మూసేస్తుంది. ఏసీ కాసేపు చల్లగా వచ్చి, కాసేపు ఆగి, మళ్లీ రావడం ఆ మంచు వల్లే. మిగతా నీరు గ్యాస్‌తో, నూనెతో కలిసి ఆమ్లమై లోపలి నుంచి తింటుంది.

ప్లాస్టిక్ మూతలు లేకపోతే శుభ్రమైన పాలిథిన్ రెండు పొరలు వేసి రబ్బరు బ్యాండు గట్టిగా కట్టండి. గుడ్డపేలిక కుక్కకండి, పోగులు లోపలికి పోతాయి. వాన పడే రోజు అసలు ఆ పని పెట్టుకోవద్దు.

కోనసీమ_జెన్
కండెన్సర్ బయటికొచ్చిందండి! రాత్రంతా నూనెలో నానబెట్టాక రెండు స్పానర్ల పద్ధతిలో పై నట్టు హాయిగా వదిలింది. కిందది మొండికేసింది, మళ్లీ నూనె కొట్టి ఆగితే వచ్చింది. రేడియేటర్ దించక్కర్లేదు. పై బ్రాకెట్ బోల్టులు తీసి దాన్ని ఇంజిన్ వైపు కాస్త వంచితే సందు దొరికింది, గొట్టాలు అలాగే ఉన్నాయి. రేడియేటర్ రెక్కలకు దెబ్బ తగలకుండా మధ్యలో అట్టముక్క పెట్టి కండెన్సర్‌ని పైకి లాగాను.

టీచర్ గారు చెప్పిన సందు చూడాలి మీరు. కొబ్బరి పీచు పొడి, ఎండిన పురుగులు, ఒండ్రు కలిసి రేడియేటర్ మీద దుప్పటిలా పరుచుకున్నాయి. అంబాజీపేట రోడ్డులో పీచు లారీల వెనక వెళ్లినందుకు ఇది. సగం రేడియేటర్‌కి గాలే లేదు! ఈ బండి ఇన్నాళ్లూ ఎలా తట్టుకుందో మరి.

ఇక రెండు అనుమానాలు. పాత కండెన్సర్‌కి ఆ చిల్లు దగ్గర అల్యూమినియం వెల్డింగ్ పెట్టిస్తే సరిపోతుందని ఒకాయన అంటున్నాడు, నిజమేనా? డ్రయ్యర్ కూడా మార్చాలా, పాతది బానే ఉంది కదా?

కాకినాడ_ఏసీ_షెడ్డు
వెల్డింగ్ వద్దు. లావు పైపు చివర పగిలితే మంచి పనివాడు అతకగలడు. రెక్కల మధ్య ఉన్న సన్న గొట్టం గోడ కాగితం మందమే. దాని మీద 200 పీఎస్‌ఐ పైన ఒత్తిడి పడుతుంది. ఒక చిల్లు మూస్తే పక్కన ఉప్పు తిన్న చోట ఇంకోటి తెరుచుకుంటుంది. ఎంసీల్, లీకు ఆపే ద్రవాల డబ్బాలు అసలే వద్దు, ఆ ద్రవం వాల్వ్‌నీ మా మిషన్‌నీ కలిపి పాడుచేస్తుంది.

డ్రయ్యర్ మార్చాల్సిందే. చూడటానికి బానే ఉంటుంది, లోపల గుళికలు ఎప్పుడో నిండిపోయి ఉంటాయి. లీకున్న బండిలో నెలల తరబడి తేమ లోపలికి పోతూనే ఉంటుంది. కొత్త డ్రయ్యర్ మూతలు మాత్రం అన్నీ బిగించాక ఆఖరున తీయండి.

ముఖ్యమైన మాట ఇంకోటి. పాత కండెన్సర్‌ని వంచి అందులోని నూనెను తెల్ల గిన్నెలోకి కార్చి రంగు చూడండి. పల్చటి పసుపు అయితే ఆనందం. నల్లగా, వెండి పొడిలాంటి మెరుపుతో ఉంటే కంప్రెసర్ లోపల అరుగుతోందని అర్థం. అలాంటప్పుడు కొత్త కండెన్సర్ వేసి లాభం లేదు, అది కూడా ఆ పొడితో నిండిపోతుంది. ముందు కంప్రెసర్ సంగతి తేల్చుకోవాలి.

కోనసీమ_జెన్
లేత పసుపేనండి, మెరుపేమీ లేదు. పెద్ద బరువు దిగింది. నూనె చాలా తక్కువ వచ్చింది, అంతే పోయాలా?

కాకినాడ_ఏసీ_షెడ్డు
కాదు. చాలావరకు చిల్లులోంచి కారిపోయింది కదా, వచ్చినంతే పోస్తే తక్కువవుతుంది. కండెన్సర్ మార్చినప్పుడు మామూలుగా 20 నుంచి 30 మిల్లీలీటర్ల దాకా పోస్తాం. మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకె చూసి అదే పాటించండి, నూనె రకం కంప్రెసర్ మీద రాసి ఉంటుంది. ఎక్కువ పోసినా చల్లదనం తగ్గుతుంది. ఓ రింగులు పాతవి వాడకండి. 134ఏకి పనికొచ్చే ఆకుపచ్చ రకం సెట్టు కొని, ఒక్కో రింగుకి అదే పీఏజీ నూనె రాసి, మెలిపడకుండా కూర్చోబెట్టండి. గ్రీజు వద్దు. నట్టు చేత్తో చివరిదాకా తేలిగ్గా తిరగాలి, అప్పుడే స్పానర్ పెట్టాలి, అప్పుడు కూడా రెండు స్పానర్లే.

రాజమండ్రి_ఫిజిక్స్_టీచర్
గ్యాస్ పట్టే ముందు వాక్యూమ్ (పంపుతో లోపలి గాలి లాగేయడం) చాలాసేపు పెట్టమని అడగండి. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుందని బడిలో చెబుతాం, అది మామూలు గాలి ఒత్తిడిలో. ఒత్తిడిని 32 మిల్లీమీటర్ల పాదరసం దగ్గరికి దించితే 30 డిగ్రీల వేడికే మరిగి ఆవిరైపోతుంది. పంపు చేసేది అదే, లోపలి తేమను ఆవిరిగా మార్చి లాగేస్తుంది. తొందరపడి పది నిమిషాల్లో ఆపేస్తే గాలి పోతుంది గానీ తేమ మిగులుతుంది.

కాకినాడ_ఏసీ_షెడ్డు
మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. మన దగ్గర ముప్పావు గంటకు తగ్గకుండా పెట్టాలి. పంపు ఆపాక ముల్లు కదలకుండా అరగంట నిలబడితేనే గ్యాస్ పట్టాలి. అంతకుముందే నైట్రోజన్‌తో ఒత్తిడి పెట్టి, నట్ల దగ్గర సబ్బు నురగ రాసి చూస్తే ఇంకా మంచిది. ఆక్సిజన్ సిలిండర్ మాత్రం ఎవరినీ పెట్టనివ్వకండి, నూనెతో కలిస్తే పేలుతుంది. గ్యాస్‌ను బానెట్ కింద స్టిక్కర్ మీదున్న గ్రాముల ప్రకారం తూకం వేసి పట్టించండి. "గేజీ చూసి అందాజుగా" అంటే ఒప్పుకోవద్దు.

కోనసీమ_జెన్
పని అయిపోయిందండి. మీరు చెప్పినట్టే నైట్రోజన్ పెట్టి చూశారు. కింది నట్టు దగ్గర చిన్న బుడగ వచ్చింది, ఓ రింగు కాస్త పక్కకి జరిగింది. మళ్లీ విప్పి కొత్త రింగు వేశాక నిలబడింది. వాక్యూమ్ ముప్పావు గంట పెట్టించాను, గ్యాస్ తూకం వేసి పట్టారు. రేడియేటర్ కూడా మంచినీళ్లతో వెనక నుంచి ముందుకి కడిగాను, టెంపరేచర్ ముల్లు ఇప్పుడు మునుపటికంటే కిందనే ఆగుతోంది. అమ్మ కాకినాడ నుంచి ఎదుర్లంక వంతెన దాటేదాకా శాలువా కప్పుకుని కూర్చుంది. చలేస్తోంది, తగ్గించమంది కూడా!

షెడ్డు గారికి, టీచర్ గారికి, ఉండి, యానాం వారికి, మీ అందరికీ మా ఇంటిల్లిపాది తరపున ధన్యవాదాలు.

ఉండి_చెరువుగట్టు
చాలా సంతోషమండి. కొత్త కండెన్సర్ మీద దళసరి ఎనామిల్ రంగు వేయకండి. తుప్పు ఆగుతుందని కొందరు వేస్తారు, రెక్కల మధ్య సందు మూసుకుపోయి వేడి వదలదు. బ్రాకెట్ బోల్టులకు మాత్రం పల్చగా గ్రీజు రాయండి, అక్కడే మొదలవుతుంది తినడం.

తణుకు_ఎస్టీమ్
నాది నోళ్లు తెరిచే ఉందండి అటక మీద. లోపల చీమల మట్టి కూడా ఉంది. అది పాత ఇనుము కొట్టుకిచ్చేసి, కొత్తది తెప్పిస్తున్నాను. నా బండిలో గ్యాస్ ఎప్పుడో వదిలేశారు కాబట్టి ఇప్పుడు రికవరీ అవసరం లేదు కదా?

కాకినాడ_ఏసీ_షెడ్డు
అవసరం లేదండి. మీ కంప్రెసర్ పైపుల నోళ్లు కూడా ఇన్నాళ్లూ తెరిచే ఉన్నాయా, మూసి ఉన్నాయా? తెరిచి ఉంటే కొత్త కండెన్సర్ బిగించే ముందు పైపులు ఫ్లష్ చేయించండి, కంప్రెసర్ నూనె దించి కొత్తది పోయించండి. కంప్రెసర్ చేత్తో తిప్పితే గరగరలాడకుండా తిరుగుతోందా చూసి ఇక్కడే చెప్పండి, దాన్నిబట్టి మిగతాది మాట్లాడుకుందాం.